పసులు లేని పసులకాపరి

గ్రంథవిమర్శ యనిన నాదరముతో జదువు పెద్దలు చలనచిత్రవిమర్శ యనగానే పెదవి విఱుతురు. అందును గుఱ్ఱములు, తుపాకులు, వెడల్పు టంచుల టోపీలు గల చిత్రమైనచో అది పిల్లల వేడుక యని త్రోసివేయుదురు. మా యభిప్రాయమును మొన్నటి వఱకు నట్టిదే. ఒక చిన్న ప్రశ్న దానిని మార్చినది.

గడచిన వేసవి సెలవులలో అనకాపల్లిలోని మా యింట పిల్లలందఱు చేరి “మోసగాళ్ళకు మోసగాడు” చిత్రమును టెలివిజనులో పెట్టుకొని చూచుచుండిరి. మేమును వారి వెనుక కుర్చీ వేసికొని కూర్చుంటిమి. ఒకడు వేఱొకని నురి తప్పించెను. కొంత సేపటికి వారే యొకరి నొకరు వంచించుకొనిరి. మఱల గలిసిరి, మఱల విడిపోయిరి. అప్పుడు మా తమ్ముని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, వెనుకకు దిరిగి, “పెదనాన్నా, వీళ్ళిద్దరూ స్నేహితులా, కారా?” యని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. చిత్రము ముగిసిన పిదపను జెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు బదులు వెదకుటయే యీ వ్యాసము.

ముందుగా చిత్రమునుగూర్చి నాలుగు మాటలు. తెలుగున వచ్చిన మొదటి కౌబాయి చిత్రమిది. 1971వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన విడుదలయ్యెను. పద్మాలయా సంస్థ పక్షమున ఘట్టమనేని ఆదిశేషగిరిరావుగారు నిర్మించిరి. కె. ఎస్. ఆర్. దాసుగారు దర్శకులు. కథయు మాటలును ఆరుద్రగారివి. ఛాయాగ్రహణము వి. ఎస్. ఆర్. స్వామిగారిది, సంగీతము ఆదినారాయణరావుగారిది. కృష్ణగారు నాయకుడు, విజయనిర్మలగారు నాయిక, నాగభూషణముగారు నక్కజిత్తుల నాగన్న. పరాయి దొరల కాలమున నొక సంస్థానపు నిధి దాచబడును. ఆ నిధికై మంచివారును చెడ్డవారును, మంచిచెడ్డలు కలగలసినవారును పరుగులు తీయుదురు. కథ యింతియే.

ఆ సంస్థ యంతకు ముందటి యేడు తీసిన తొలి చిత్రము “అగ్నిపరీక్ష” ఆశించినంతగా నాడలేదు. చేయి కాలినవాడు రెండవమాఱు నిప్పు జోలికి బోడు. వీరు పోయిరి. తెలుగువా డెన్నడు నెఱుగని వేషమును వేసి, తెలుగువా డెన్నడు జూడని యెడారిలో, రాజస్థానపు టిసుకలలో, కొలది లక్షల రూపాయల వ్యయముతో నొక క్రొత్త తీరు చిత్రమును దీసిరి. అది జయించినది. పిమ్మట నాంగ్లభాషను దొడిగికొని విదేశములకును బోయినది. ఈ సాహసము మెచ్చదగినది. సాహసమును మెచ్చిన పిదపనే గదా గుణదోషముల నెంచుట న్యాయము.

ఇక “కౌబాయి” యను మాట యెచ్చటిదో విచారింతము. ఆ మాటకు పసులకాపరి యని యర్థము. అమెరికాలో 1865వ సంవత్సరమున అంతర్యుద్ధము ముగిసిన పిదప టెక్సాసు బయళ్ళలో పసుల మందలు విస్తారముగ నుండెను. వానిని కొను పట్టణములు తూర్పున దూరమున నుండెను. రైలు కాన్సాసు దాక వచ్చెను. 1867లో అబిలీను అను నూర మందలను రైలెక్కించు తావు లేచెను. టెక్సాసు నుండి యచ్చటికి నెలల తరబడి మందలను దోలుకొని పోయిన కూలివాండ్రే కౌబాయిలు. వారిలో దాస్యము నుండి విడుదల పొందిన నల్లజాతివారును, మెక్సికో దేశీయులును ననేకులుండిరి. ఆ పనిలో కీర్తి లేదు, కూలి స్వల్పము. రాత్రి యుఱుము నకు బెదరి మంద పరుగెత్తినపుడు ప్రక్కవాని నమ్మవలెను. నిండుగ బాఱు నేటిని దాటునపుడు ప్రక్కవాని నమ్మవలెను. న్యాయస్థానములు దూరము, రక్షకభటులు దూరము. కావున మనుష్యుని మాటయే చట్టము. రైలుమార్గములును ముండ్లతీగ కంచెలును వ్యాపించి రెండు దశాబ్దములలో నా బ్రదుకును తుడిచివేసినవి. కాని యా నమ్మకపు కథలు నిలిచినవి.

చలనచిత్రములు వచ్చినపుడు వానిని మొదట మోసినవి పెద్ద చిత్రములు గావు, పేదచిత్రములు. రిపబ్లిక్కు సంస్థ 1936 మొదలు 1943 వఱకు “త్రీ మెస్కిటీర్సు” అను వరుసలో 51 చిత్రములను దీసినది. ఫ్రెంచి రచయిత డ్యూమా వ్రాసిన ముగ్గురు వీరుల కథ పేరును కొంచెము మార్చి పెట్టుకొనిరి. ఒక్కొక్క చిత్రము గంటసేపు మాత్రమే. అవే కొండలు, అవే గుఱ్ఱములు, ముగ్గురు స్నేహితులు. వెనుక జగద్విఖ్యాతుడైన జాన్ వేన్ 1938, 1939 సంవత్సరములలో నీ వరుసన ఎనిమిది చిత్రములందు నటించెను. వీనిలో చాతుర్యము తక్కువ, ధనము మఱియు తక్కువ. కాని ముగ్గురిలో నొకనికి కష్టము వచ్చెనేని తక్కిన యిద్దఱు లాభనష్టముల లెక్క వేసికొనరు. పేదవాని భూమిని దోచుకొనువాడు వారికి పగవాడు. ఈ యొక్క నీతితో నా చిత్రములు పల్లెటూళ్ళ పిల్లలకు స్నేహమనగా నేమో నేర్పినవి.

వానియందు దోషములు లేవని మేమనము. ఆ బయళ్ళు ఎవరివో యా నేటివారిని, అనగా అమెరికా ఆదివాసులను, అట్టి చిత్రములు తఱచుగ క్రూరులనుగనే చూపినవి. నేల గోల్పోయినవానిని దొంగగ జూపుట కథ కెంత సులువో న్యాయమునకంత ద్రోహము. ఈ మాట మఱవక ముందుకు బోదము.

1960ల నాటి కీ కథ ఇటలీకి బోయినది. సెర్జియో లియోనె యను దర్శకుడు, జపాను దర్శకుడు కురొసావా 1961లో దీసిన “యోజింబో” కథను గైకొని, స్పెయిను దేశములో, అమెరికా మొగమైన నెఱుగని నేలమీద, 1964లో చిన్న వ్యయముతో నొక చిత్రము దీసెను. అనుమతి లేక కథను గొన్నందుకు జపానువారితో వ్యాజ్యము కూడ నడచెను. 1966లో అతడే “ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ” దీసెను. ఈ శాఖలో నొక గొప్ప మార్పు జరిగినది. పసులు పోయినవి, బంగారము వచ్చినది. స్నేహితుడు పోయెను, భాగస్వామి వచ్చెను. మాట పోయినది, బేరము వచ్చినది. యుద్ధములను జూచి విసిగిన యూరపునకు ఆ కథ నచ్చుటలో నాశ్చర్యము లేదు. మన “మోసగాళ్ళకు మోసగాడు” ఈ శాఖ నంటుకట్టిన మొక్కయే. పేరే యా సంగతిని దాపఱికము లేక చెప్పుచున్నది.

అంటు మొక్క యైనంత మాత్రమున ఫలము చేదని యనరాదు. జపాను నుండి ఇటలీకి, ఇటలీ నుండి మదరాసుకు నడచిన కథలో మనవా రేమి కలిపిరో చూడవలెను. ఆరుద్రగారు మా విశాఖపట్టణమున పుట్టినవారు. “సమగ్రాంధ్ర సాహిత్యము” వంటి మహాగ్రంథమును వ్రాసిన చేతితోనే యీ చిత్రమునకు మాటలు వ్రాసిరి. కొందఱు పండితులు దీని నపచారమని తలపవచ్చును. మేమట్లు తలపము. విదేశపు కథను తెలుగు సంస్థానముల కాలమునకు దెచ్చి కట్టి, “నక్కజిత్తుల నాగన్న” యని మన వీధిభాగవతములలో వినబడదగిన పేరు పెట్టుట వలననే యా కథ యిచ్చట కాలూనినది. నాగభూషణముగారు ఆ పాత్రను బోషించిన తీరు చూడుడు. భయము, దురాశ, వేళాకోళము మూడును నొక్క క్షణమున నా మొగమున మాఱును. నాయకుని తుపాకి గుఱికంటె నాగన్న నాలుక గుఱి సూటియైనది. స్వామిగారి ఛాయాగ్రహణములో నిసుక, ఎండ, దాహము మన కంటికి గట్టును. పెద్ద భవనములను గట్టలేని ధనముతో నెడారిని భవనముగా జేసికొనిరి. చిన్న వ్యయము కళకు శత్రువు కాదనుటకిది నిదర్శనము.

ఇక దోషము. పిల్ల యడిగిన ప్రశ్నకు చిత్రము బదులు చెప్పదు. కృష్ణగారి నాయకుడు, నాగన్న, వీరిద్దఱు గలిసి యుండుట కొకే కారణము, ఒకనికి వేఱొకనితో బని యుండుట. పని తీఱిన మఱుక్షణమున ప్రాణము దీసినను దప్పులేదని యిద్దఱు నెఱుగుదురు. దీనిని జూచి మనము నవ్వుచున్నాము. నవ్వు చెడ్డది కాదు. కాని, మోసగానిని మోసగించుట తెలివి యని చిత్రము ముగిసిన పిదప పిల్లవాని మనస్సున నిలుచునేని, ఆ తెలివి వాని నెచ్చటికి గొంపోవును?

మా యూరి బెల్లపు బజారునుండి యొక యుదాహరణము చెప్పుదుము. అనకాపల్లి దేశమున పేరుపడిన పెద్ద బెల్లపు విపణులలో నొకటి. చుట్టుప్రక్కల పల్లెల రైతు చెఱకు నాడించి, దిమ్మలు పోయించి, బండిమీదనో లారీమీదనో యిచ్చటికి దెచ్చును. సరకును వర్తకుని యింట దింపి, వేలము ముగిసిన పిదప లెక్క చూచుకొని పోవును. దిమ్మ పైన బంగారు వన్నె గలిగి లోపల నలుపైనచో రైతు మాట పోవును. తూనికలో మోసమున్నచో వర్తకుని మాట పోవును. ఇచ్చట మోసగాండ్రు లేరని మేమనము. కాని ప్రతివాడును మోసగానికి మోసగాడు కాదలచినచో ఆ బజారు మూడు దినములు నడవదు. లోకమును నడపునది నమ్మకమే. మోసము నమ్మకము నెత్తిమీద బ్రదుకు బదనిక. బదనికను వృక్షమని చూపుటయే యీ చిత్రపు లోపము.

రెండవ లోపము పసులు లేకపోవుట. ఇది పరిహాసమునకన్నమాట గాదు. టోపి వచ్చినది, గుఱ్ఱము వచ్చినది, తుపాకి వచ్చినది. పచ్చిక రాలేదు, మంద రాలేదు, మందను గాచు కష్టజీవి రాలేదు. పసులకాపరి కథలు మనకు లేవా? కాటమరాజు కథను వినని తెలుగు గొల్లవాడుండునా? 13వ శతాబ్దమున అనావృష్టిచే మేత దొఱకక కాటమరాజు తన మందలను నెల్లూరి సిద్ధిరాజు బీళ్ళకు దోలుకొని పోయెను. పుల్లరికై యొడంబడిక జరిగెను. ఆ యొడంబడిక చెడుటచే యుద్ధము వచ్చెను. ఖడ్గతిక్కన యా యుద్ధమున గూలెను. మంద, మేత, మాట, మాట తప్పుట, మడియుట. కౌబాయి కథలో నుండవలసిన దంతయు నిందు గలదు. కొమ్మువారు తరతరములుగ దీనిని బాడుచు వచ్చిరి. ఆరుద్రగారి వంటి సాహిత్యచరిత్రకారు లీ కథ నెఱుగనివారు గారు. అయినను మన చిత్రము కాన్సాసు టోపినే తెచ్చినది. నెల్లూరి బీడు నట్లే విడిచినది.

నాయికను గూర్చియు నొక మాట, మా పాఠకులలో గృహిణు లనేకులున్నారు గనుక. విజయనిర్మలగారి పాత్ర యింట కూర్చుండి కన్నీరు గార్చునది కాదు. గుఱ్ఱమెక్కి పగవానిని వెదకికొని పోవునది. ఆనాటి తెలుగు చిత్రములలో నిది చిన్న సంగతి గాదు. కాని కథ యామెకు ధైర్య మిచ్చినంతగా బుద్ధికి పని యీయలేదు. చిత్రము చూపని దానిని జీవితము చూపినది. ఆమె 1973లో, రెండేండ్లలోనే, యద్దనపూడి సులోచనారాణిగారి నవల ననుసరించి “మీనా” చిత్రమునకు దర్శకత్వము వహించెను. మొత్తము మీద 40కి మించిన చిత్రములకు దర్శకురాలై, స్త్రీలలో మిక్కిలి యెక్కువ చిత్రములకు దర్శకత్వము వహించినవారని 2002లో గిన్నెస్ గ్రంథమున కెక్కెను. తెరమీద తుపాకి పట్టుటకంటె తెర వెనుక నిలిచి ఆజ్ఞ యిచ్చుటయే పెద్ద స్వాతంత్ర్యము. మన బాలికలకు చెప్పవలసిన దీ రెండవ కథ.

ఇపుడు మా జిల్లాకు వత్తము. “మోసగాళ్ళకు మోసగాడు” వచ్చిన మూడేండ్లకు, 1974లో, అదే పద్మాలయా సంస్థ “అల్లూరి సీతారామరాజు” చిత్రమును దీసినది. కృష్ణగారే నాయకుడు, స్వామిగారే ఛాయాగ్రాహకుడు. దర్శకులు వి. రామచంద్రరావుగారు నడుమ మరణింపగా యుద్ధఘట్టములను దాసుగారే తీసిరి. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమది. ఈమాఱు వీరు రాజస్థానమునకు బోలేదు, చింతపల్లి యడవులకు వచ్చిరి. గుఱ్ఱము, తుపాకి, కొండదారి, మాటున పొంచి యుండుట, ఇవన్నియు మోసగాని చిత్రమున నేర్చిన విద్యలే. పరాయి యిసుకలో నేర్చిన విద్య మన కొండలలో పనికివచ్చెను. మోసగాని చిత్రమునకు మేమిచ్చు గొప్ప మెప్పు ఇదియే.

ఆ కథలో తుపాకి యేమి చేసినదో చూడుడు. 1882 నాటి మదరాసు అడవి చట్టము వలన మన్యమువారికి పోడు వ్యవసాయము నేరమైనది. నర్సీపట్నము నుండి చింతపల్లికి బాట వేయుటకు వారిచే నామమాత్రపు కూలికి పని చేయించిరి. 1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో సీతారామరాజును నాతని యనుచరులును చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను గొనిపోయిరి. చింతపల్లి ఠాణాలో తాను గొన్న యాయుధముల పట్టికను వ్రాసి, క్రింద సంతకము చేసి పోయెను. పాఠకులారా, ఒక్క క్షణము నిలువుడు. కొల్లగొన్న సరకునకు రసీదు వ్రాసియిచ్చిన వీరుడు! మోసగానికి మోసగాడు కావలసిన పని యతనికి లేకపోయెను. శత్రువునెదుట గూడ మాట నిలిపినవాడతడు.

స్నేహమును నచ్చటనే యున్నది. గాము గంటముదొర, గాము మల్లుదొర, అగ్గిరాజు మున్నగువా రతని చుట్టు నిలిచిరి. వారిని గలిపినది నిధి గాదు. 1924 మే 7వ తేదీన సీతారామరాజు కాల్చబడెను. గంటముదొర యా యేటనే కూలెను. మల్లుదొర అండమాను చెఱనుభవించి తిరిగివచ్చి, 1952లో స్వతంత్ర భారతపు తొలి లోకసభకు విశాఖపట్టణము నుండి యెన్నికయ్యెను. ఉరి నీడనుండి లోకసభాపీఠము వఱకు నడచిన మన్యపు వీరుని కథ యే కౌబాయి చిత్రమునకు దక్కువ? సీతారామరాజు సమాధి గల కృష్ణదేవిపేట నేడు మా యనకాపల్లి జిల్లాలోనే యున్నది. మా పిల్లలకు టెక్సాసు పేరు తెలియును. ఆ యూరికి దారి తెలియదు.

తరువాతి కౌబాయి చిత్రములను గూర్చి విస్తరింప నక్కఱలేదు. 1990లో చిరంజీవిగారి “కొదమసింహం” వచ్చెను. 2002లో కృష్ణగారి కుమారుడు మహేశ్‌బాబు నటించిన “టక్కరి దొంగ” వచ్చెను. వ్యయము పెరిగినది, గుఱ్ఱములు పెరిగినవి. పేరులను మాత్రము చూడుడు: మోసగాడు, టక్కరి, దొంగ. పసుల కాపరి మాట తప్పని మనుష్యుడని ప్రారంభమైన కథ మన భాషలో నెందుల కిట్టి పేరులనే కోరుకొన్నదో నిర్మాతలు యోచింతురుగాక.

అట్లని యీ చిత్రమును పిల్లలకు చూపరాదని మేమనము. తలుపులు మూయుట సంస్కారము గాదు, ప్రక్కన కూర్చుండుట సంస్కారము. పిల్లలు చూతురుగాక, నవ్వుదురుగాక. ముగిసిన పిదప తల్లిదండ్రులు రెండు ప్రశ్నలడుగవలెను. ఈ కథలో మాట నిలుపుకొన్నవా రెవరు? నిధి దొఱకకపోయినచో వీరిలో నెవరు కలిసి యుందురు? ఈ రెంటికి బదులు వెదకు పిల్లవానికి మోసగాని చిత్రము గూడ సత్యము నేర్పును.

మేమా పిల్లకు బదులు బాకీ పడితిమి. వారమునకు పిమ్మట నామెను, తక్కిన పిల్లలను వెంటబెట్టుకొని నర్సీపట్నము మీదుగ కృష్ణదేవిపేటకు బోతిమి. సమాధికడ నిలువబడి రసీదు కథ చెప్పితిమి, గంటముదొర, మల్లుదొరల కథ చెప్పితిమి. పిల్ల కొంతసేపు మాటాడలేదు. పిదప, “అయితే వీళ్ళు స్నేహితులు. వాళ్ళు కారు” అనెను.

విమర్శకులమైన మేము రెండువేల మాటలలో జెప్పజూచినది యా పిల్ల నాలుగు మాటలలో జెప్పినది.